నేలమాళిగలో లెక్క తప్పనివి

మా మేనల్లుడు ఇంటర్ పరీక్షలు రాసి, కావలిలో వాళ్ల ఇంటి వరండాలో కూర్చుని వేసవి సెలవులంతా ఒకే ఆట ఆడాడు. నేను నెల్లూరు నుంచి ఆదివారం వెళ్లినప్పుడల్లా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆటలో సాధించినవాటికి ఇచ్చే బ్యాడ్జీల పట్టిక అందులో ఉండేది. మొదటి పది రోజుల్లో సగానికి పైగా వెలిగాయి. తరువాతి నెల రోజుల్లో కొత్తగా వెలిగినవి మూడు. "మామయ్యా, ఇది ఆట కాదు, లాటరీ. ప్రతిసారీ దారులు మారిపోతాయి, దొరికే వస్తువులు మారిపోతాయి. ఇలాంటి ఆటలో అన్నీ సాధించడం ఎలా కుదురుతుంది?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. ఈ రకం ఆటలను ఏళ్ల తరబడి ఇష్టంగా ఆడుతున్నవాణ్ని కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు ఉందని నాకు తెలుసు. ఆ జవాబు ఒక్క మాటలో తేలేది కాదని కూడా తెలుసు.

వాడు ఆడుతున్నది షాటర్డ్ పిక్సెల్ డంజన్. 2012లో వాటబౌ అనే పేరుతో పనిచేసే ఒక రచయిత పిక్సెల్ డంజన్ అనే ఆట తయారు చేసి, తరువాత దాని సోర్స్ కోడును, అంటే ఆటను నడిపించే ప్రోగ్రామును, అందరికీ తెరిచిపెట్టారు. ఆ పునాది మీద ఎవాన్ డెబెన్‌హామ్ 2014లో మొదలుపెట్టినదే ఈ ఆట. నేటికీ ఆయన దానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితం, ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ అక్కరలేదు. సిగ్నల్ లేని పల్లెలో కూడా ఆడుకోవచ్చు. ఇంకో సుగుణం ఏమిటంటే, మనం అడుగు వేసేదాకా ఆటలో కాలం కదలదు. మన వంతు మనం ఆడితేనే శత్రువు తన వంతు ఆడతాడు. ఉదయగిరి బస్సులో కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే ఫోను పక్కన పెట్టి చిల్లర వెతుక్కోవచ్చు, ఈలోగా ఎవరూ మన వీరుణ్ని చంపరు.

ఆట స్వరూపం చెప్పడం తేలిక. భూమి కింద 26 అంతస్తులు. మురుగు కాలువలు, చెరసాల, గుహలు, మరుగుజ్జుల నగరం, రాక్షస మందిరాలు అని అయిదేసి అంతస్తుల చొప్పున అయిదు మండలాలు. ప్రతి అయిదో అంతస్తులో ఒక పెద్ద శత్రువు. అందరినీ దాటి 26వ అంతస్తుకు చేరితే యెండోర్ తాయెత్తు దొరుకుతుంది. మధ్యలో చనిపోతే మళ్లీ మొదటి అంతస్తే. సంపాదించినదేదీ వెంట రాదు. పైగా కొత్త ఆట మొదలవగానే గదులు, దారులు, వస్తువులు అన్నీ కొత్తగా అల్లుకుంటాయి.

ఈ పద్ధతికి మూలపురుషుడు రోగ్ అనే ఆట. 1980లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ యూనిక్స్ కంప్యూటర్ల మీద దాన్ని తయారు చేశారు, తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో కలిశారు. అందులో బొమ్మలు లేవు. గోడలు గీతలు, రాక్షసులు ఇంగ్లీషు అక్షరాలు, ఏ నుంచి జెడ్ దాకా 26 మంది. అక్కడా తాయెత్తు ఉండేది 26వ అంతస్తులోనే, దాని పేరూ యెండోరే. కావలిలో వరండాలో కూర్చున్న కుర్రవాడు వెతుకుతున్నది 1980 నాటి ఆ తాయెత్తునే. ఈ సంగతి చెప్పినప్పుడు వాడి కళ్లు మెరిశాయి. నాకూ ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక లాటరీ సంగతి.

మన పెద్దలు ఆడిన ఆటల్లో వైకుంఠపాళి ఒక కొస, పులిజూదం ఇంకో కొస. వైకుంఠపాళిలో గవ్వలు ఎంత చెబితే అంత. ఆడేవాడి తెలివికి అక్కడ పని లేదు. పండు ముసలి గెలవవచ్చు, పసిపిల్ల గెలవవచ్చు. పెద్దపాము నోట్లో పడితే ఎంతటివాడైనా కిందికి జారవలసిందే. పులిజూదంలో దాగినది ఏదీ లేదు. పులులు, మేకలు కళ్లెదుటే ఉంటాయి. ఓడితే నేరం మనదే. నేలమాళిగల ఆట ఈ రెంటి మధ్య నిలబడుతుంది. గవ్వలు వేసేది ఆట, ఎత్తు వేసేది మనం. మా వాడు దాన్ని వైకుంఠపాళి అనుకుని ఆడుతున్నాడు. మొదటి రెండు అంతస్తుల్లో మంచి కత్తి దొరకకపోతే ఆట వదిలేసి కొత్తది మొదలుపెట్టేవాడు. మంచి గవ్వ పడేదాకా గవ్వలు విసురుతూ కూర్చోవడమే అది.

నేను వాడి చేత ఒక పాత నోటు పుస్తకం తెప్పించాను. అయిదు ఆటలు వరుసగా ఆడమన్నాను, మధ్యలో వదలకూడదన్నాను. అయిదో అంతస్తు దాటిన ప్రతిసారీ ఒక్క లెక్క రాయమన్నాను. ఆయుధాన్నో కవచాన్నో ఒక మెట్టు పెంచే అప్‌గ్రేడ్ పత్రాలు ఎన్ని దొరికాయన్నదే ఆ లెక్క. వాడు రాశాడు. మూడు, మూడు, రెండు, మూడు, మూడు. రెండు దొరికిన ఆటలో ఒక గది తాళం తీయకుండానే కిందికి దిగిపోయానని వాడికే గుర్తొచ్చింది.

ఆటను అలాగే కట్టారు. ప్రతి అయిదు అంతస్తులకు మూడు అప్‌గ్రేడ్ పత్రాలు, బలాన్ని ఒక మెట్టు పెంచే సీసాలు రెండు తప్పనిసరిగా ఉంటాయి. ఏ అంతస్తులో, ఏ మూల ఉంటాయన్నది మారుతుంది. ఉండడం మారదు. మొత్తం 25 అంతస్తులకు 15 పత్రాలు, 10 సీసాలు. వీరుడి బలం 10తో మొదలవుతుంది కాబట్టి చివరికి 20కి చేరుతుందని మొదటి అంతస్తులోనే చెప్పవచ్చు. అప్పుడు ప్రశ్న మారిపోతుంది. "మంచి కత్తి దొరుకుతుందా?" అని ఎదురుచూడడం పోయి, "ఈ 15 పత్రాలను దేని మీద పెట్టాలి?" అని ఆలోచించడం మొదలవుతుంది. తలా ఒకటి పంచితే అన్నీ మొండిగానే మిగులుతాయి. ఒక్కదాని మీద పోస్తే మామూలు ఈటె కూడా మహాయుధం అవుతుంది. నా అనుభవంలో కొత్తవాళ్ల ఓటములకు దురదృష్టం కన్నా ఈ పంపకమే ఎక్కువ కారణం.

తిండి కూడా అంతే. 300 వంతులు గడిస్తే వీరుడికి ఆకలి మొదలవుతుంది. 450కి కడుపు పూర్తిగా ఖాళీ అయి ప్రాణం కరగడం ఆరంభమవుతుంది. ఒక పూట తిండి 300 వంతులను తిరిగి ఇస్తుంది. ఎంత తిండి దొరకాలన్నది మనం ఎంత లోతుకు దిగామన్నదాన్ని బట్టి ఆట నిర్ణయిస్తుంది. ఎంతసేపు గడిపామన్నదానితో దానికి సంబంధం లేదు. గాయం మానేదాకా ఒక మూల నిలబడి వంతులు గడిపితే ఆ వంతులన్నీ మన పళ్లెంలోంచే పోతాయి. గడియారం కనిపించని ఆటలో ఆకలే గడియారం.

వీటికన్నా నాకు ఇష్టమైన హామీ ఇంకొకటి ఉంది. అక్కడక్కడ దారికి చెక్కల అడ్డం కట్టిన గది ఎదురవుతుంది. నిప్పు పెడితే తప్ప లోపలికి దారి లేదు. అలాంటి గది ఉన్న అంతస్తులో నిప్పు సీసా ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. నీళ్లలో కొరికే చేపలు తిరిగే గది ఉంటే, ఆ చేపలకు కనబడకుండా చేసే సీసా ఆ అంతస్తులోనే ఉంటుంది. నేలంతా ఉచ్చులు పరిచిన గదికి గాలిలో తేల్చే సీసా, విషవాయువు నిండిన గదికి గాలిని శుద్ధి చేసే సీసా. చిక్కుముడి ఎక్కడ ఉందో దాన్ని విప్పే వేలు కూడా అక్కడే ఉంటుంది.

ఇందులో అసలు రుచి ఏమిటంటే, సీసాల పేర్లు మనకు తెలియవు. ఆటలో సీసాలు 12 రకాలు, పత్రాలు 12 రకాలు. ఏ రంగు సీసాలో ఏముందో ప్రతి ఆటకూ మారిపోతుంది. నిన్న ఎర్రసీసా గాయం మాన్పింది, ఇవాళ అదే ఎర్రసీసా ఒళ్లు కాల్చవచ్చు. తాగి చూస్తే తెలుస్తుంది, కానీ తాగడమే చావు కావచ్చు. అయితే, చెక్కల అడ్డం ఉన్న అంతస్తులో ఇంతవరకు చూడని నీలం సీసా ఒక్కటే దొరికిందనుకోండి. అది నిప్పు సీసా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. తాగకుండానే, విప్పకుండానే పేరు దాదాపుగా తెలిసిపోయింది. పత్రాల్లోనూ ఇదే తర్కం నడుస్తుంది. మొదటి మూడు నాలుగు అంతస్తుల్లో ఒకే గుర్తు ఉన్న పత్రం రెండుసార్లు దొరికితే అది అప్‌గ్రేడ్ పత్రమో, వస్తువులను గుర్తుపట్టించే పత్రమో అయి ఉంటుంది. ఎక్కువగా వచ్చేవి ఆ రెండే.

ఈ మాట మా వాడికి నేను చెప్పినప్పుడు సరిగా ఎక్కలేదు. వాళ్ల నాన్న చేతల్లో చూశాక ఎక్కింది. మా బావ అల్లూరు వైపు రొయ్యల చెరువు చేస్తాడు. ఆ సాయంత్రం మేమిద్దరం ఆయన వెంట గట్టు మీదికి వెళ్లాం. చెరువు నీళ్లు పచ్చగా, చిక్కగా ఉంటాయి. లోపల ఎన్ని రొయ్యలు బతికి ఉన్నాయో, ఎంత తింటున్నాయో పైకి ఏమీ కనపడదు. అందుకని చెక్ ట్రేలో కొంచెం మేత వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపటికి పైకి లాగి చూస్తారు. మేత పూర్తిగా అయిపోతే ఒక అర్థం, మిగిలితే ఇంకో అర్థం. ట్రేలోకి వచ్చిన నాలుగు రొయ్యల పేగు నిండుగా ఉందా, తోక ఎర్రబడిందా, ఒంటి మీద తెల్ల మచ్చలు ఉన్నాయా అని చూసి చెరువంతటి సంగతి ఊహిస్తారు. "వాన ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. ట్రే లాగడం నా చేతిలో ఉంది" అన్నాడు బావ, మేత బస్తా మూతి కడుతూ. మా వాడు ఆ ట్రే వంక చాలాసేపు చూశాడు. దారిలో, "మామయ్యా, చెక్కల గది కూడా చెక్ ట్రేనే కదా" అన్నాడు. నేను నెల రోజులు చెప్పినదాని కన్నా ఆ ఒక్క పోలిక మేలు.

ఇప్పుడు బ్యాడ్జీల దగ్గరికి వద్దాం. పట్టిక చూస్తే అన్నీ ఒకే వరుసలో, ఒకే పరిమాణంలో ఉంటాయి. అక్కడే మనసు మోసపోతుంది. నిజానికి అవి వేరువేరు జాతులు. ఇన్ని ఆటలు ఆడినందుకు, ఇంత బంగారం ఏరినందుకు, ఇంతమంది శత్రువులను చంపినందుకు వచ్చేవి కాలం ఇచ్చే కానుకలు. వాటి కోసం ప్రత్యేకంగా ఒక్క అడుగు కూడా వేయనక్కరలేదు, మిగతావాటి వెంట అవే నడిచివస్తాయి. వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

చావుల బ్యాడ్జీల గురించి మాత్రం చెప్పాలి. నిప్పులో కాలి చనిపోతే ఒకటి, విషంతో ఒకటి, విషవాయువుతో ఒకటి, ఆకలితో ఒకటి, అగాధంలో పడి ఒకటి. ఇంకా కొన్ని ఉన్నాయి. అన్ని రకాల చావులూ చూసినవాడికి వేరే బ్యాడ్జీ. మొదటిసారి చూసినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. గెలవడానికి ఆడే ఆటలో చావుకు బహుమానమా? నాకైతే ఆట నిర్మాత చూపిన దయ ఇందులో కనిపిస్తుంది. మూడు గంటలు కష్టపడి 17వ అంతస్తులో కాలిపోయినవాడి చేతిలో అప్పుడు మిగిలేది ఆ చిన్న బిళ్ల ఒక్కటే. అయితే వీటి కోసం కొత్త ఆట మొదలుపెట్టి ఆత్మహత్య చేసుకోవడం కాలాన్ని పారబోయడమే. చేతనైన పద్ధతి వేరే ఉంది. ఆట చేయి దాటిపోయిందని తెలిసిన క్షణంలో, ఎలాగూ ప్రాణం నిలవదనుకున్నప్పుడు, చుట్టూ చూడాలి. పక్కనే అగాధం ఉందా? దూకితే కింది అంతస్తులో పడతాం, దెబ్బ తగులుతుంది, ప్రాణం తక్కువగా ఉంటే ఆ దెబ్బకే పోతుంది. ఎలుక చేతిలో చావడం కన్నా అది మేలు. ఒక్కోసారి ఆ దూకడమే బతికిస్తుంది కూడా, శత్రువులు పైనే మిగిలిపోతారు కాబట్టి.

సగం తొందరగా వచ్చి, మిగతా సగం ఎందుకు మొరాయిస్తుంది? మా వాడి బాధంతా ఇక్కడే. దీనికి ఆట కారణం కాదు, గణితం కారణం. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. 12 బొమ్మలు ఉన్నాయనుకుందాం, ఏ పొట్లంలో ఏది ఉంటుందో తెలియదు, అన్నిటికీ సమాన అవకాశం. మొదటి ఆరు వేరువేరు బొమ్మలు పోగుచేయడానికి సగటున 8 పొట్లాలు సరిపోతాయి. మిగిలిన ఆరింటికి సగటున ఇంకో 29 పొట్లాలు కొనాలి. చివరి ఒక్క బొమ్మకే 12 పొట్లాలు. అన్నీ కలిపితే 37. మొదట్లో ఏది వచ్చినా కొత్తదే, చివర్లో వచ్చినవన్నీ పాతవే. అదృష్టం ఎక్కడా మారలేదు, మన అవసరం ఇరుకైంది. నూటికి 50 దాటాక జాబితా నత్తనడక నడవడం అందుకే. తనకు చేతకావడం లేదని మా వాడు అనుకున్న ఆ నెల రోజుల్లో నిజానికి వాడు ముందుకన్నా బాగా ఆడుతున్నాడు.

దీనికి తోడు ఇంకో లెక్క కూడా చాలామందిని కుంగదీస్తుంది. 20 ఆటలకు ఒకసారి కనిపించే వస్తువు ఉందనుకోండి. 20 ఆటలు ఆడితే దొరికి తీరుతుందని మనసు నమ్ముతుంది. దొరకదు. 20 ఆటలు ఆడిన వందమందిలో 36 మందికి అది కనిపించే ఉండదు. నూటికి 90 వంతులు నమ్మకం కావాలంటే 45 ఆటలు ఆడాలి. అందుకని అదృష్టం మీద నిలబడే బ్యాడ్జీ దేన్నీ గురిపెట్టి వెంటాడకూడదని నా పట్టుదల. దారిలో కనిపిస్తే తీసుకోవడం, లేకపోతే వేరేదాని మీద పని చేయడం. గురిపెట్టవలసినవి హామీల మీద నిలబడేవి.

అలా గురిపెట్టి సాధించవలసినవాటిలో గొప్పవి నియమాల బ్యాడ్జీలు. ఒకసారి ఆట గెలిచాక తొమ్మిది సవాళ్లు తెరుచుకుంటాయి. మనంతట మనమే మెడకు కట్టుకునే రాళ్లు ఇవి. ఒకటి పెట్టుకుంటే అప్‌గ్రేడ్ పత్రాల్లో సగం మాయమవుతాయి. ఇంకొకటి పెట్టుకుంటే గాయం మాన్పే సీసా విషంగా మారుతుంది. ఇంకొకటి అంతస్తులన్నిటినీ చీకటి చేస్తుంది. ఒక శత్రువు మనల్ని చూస్తే చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయే సవాలు కూడా ఉంది. ఒక సవాలుతో గెలిస్తే ఒక బ్యాడ్జీ, ఒకేసారి మూడింటితో గెలిస్తే ఇంకొకటి, ఆరింటితో గెలిస్తే మరొకటి.

మొదట ఏ సవాలు ఎంచుకోవాలి? శత్రువులు ఒకరికొకరు కబురు చేసుకునేదాన్నే నేను చెబుతాను. కారణం తలుపు. ఈ ఆటలో తలుపు చూపును ఆపేస్తుంది. తలుపు దాటివచ్చి పక్కకు నిలబడితే వెంటపడేవాడికి మనం కనబడం. వాడు గడప దాటిన క్షణంలో కొట్టే దెబ్బ తప్పిపోవడం ఉండదు. గుంపు ఎంత పెద్దదైనా గడప దాటేది ఒక్కొక్కరే. అంటే తలుపు వాడడం తెలిసినవాడికి ఆ సవాలు భారం చాలావరకు తగ్గుతుంది. పత్రాలను సగం చేసే సవాలు అలా కాదు, అది పునాదినే తవ్వుతుంది. దాన్ని ఎప్పుడు తలకెత్తుకోవాలన్నది ఎవరికి వారు నోటు పుస్తకంలో లెక్క చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఒక విత్తన సంఖ్య ఇస్తే ఆట ఎప్పుడూ అదే నేలమాళిగను కడుతుంది. మంచి వస్తువులు ముందే దొరికే సంఖ్య పట్టుకుని ఆడితే సరిపోదా అని మా వాడు అడిగాడు. అలా సంఖ్య ఎంచుకుని ఆడిన ఆటలో ఈ సాధనల బ్యాడ్జీలు రావు. ఆ దారి మూసేసి నిర్మాత మంచి పని చేశారు. స్నేహితులిద్దరు ఒకే నేలమాళిగను ఆడి ఎవరు ఎక్కడ పొరబడ్డారో పోల్చుకోవడానికి మాత్రం ఆ సంఖ్య ఎంతో పనికివస్తుంది.

ఈ బిళ్లల ఆశ ఎక్కడ మొదలైందో కూడా కొంచెం చెప్పాలి. 1980ల తొలి సంవత్సరాల్లో టీవీకి తగిలించుకునే అటారీ 2600 అనే ఆటల యంత్రం మీద ఆడేవాళ్లు ఫలానా స్కోరు దాటితే, టీవీ తెరను ఫోటో తీసి ఆ ఆటలు తయారు చేసిన యాక్టివిజన్ కంపెనీకి పోస్టులో పంపేవారు. కంపెనీ చొక్కా మీద కుట్టుకునే గుడ్డబిళ్లను తిరుగు టపాలో పంపేది. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పుడు ప్రతి ఆటకూ అచీవ్‌మెంట్లు, అంటే ఇలాంటి బ్యాడ్జీలు, ఉండడం నియమమైంది. 2007లో కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్, 2008లో ప్లేస్టేషన్ అదే బాట పట్టాయి. స్టీమ్‌లో ఒక్కో అచీవ్‌మెంట్ పక్కన ఆటగాళ్లలో నూటికి ఎంతమంది దాన్ని సాధించారో కూడా కనిపిస్తుంది. ఆ అంకెను చూసి గర్వపడేవాళ్లూ ఉన్నారు, బెంగపడేవాళ్లూ ఉన్నారు. ఆట కొని ఒక్కసారి తెరిచి వదిలేసినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారని గుర్తుంచుకుంటే రెండూ కొంత తగ్గుతాయి.

అన్నీ సాధించడం అన్నమాటకు అంతు కూడా ఆటను బట్టే ఉంటుంది. ది బైండింగ్ ఆఫ్ ఐజాక్ అనే ప్రసిద్ధమైన నేలమాళిగల ఆట కొత్త రూపం 2014లో వచ్చింది. ఆ తరువాత అదనపు భాగాలు వచ్చిన ప్రతిసారీ జాబితా పెరిగింది. 2021లో రిపెంటెన్స్ భాగం వచ్చేసరికి స్టీమ్‌లో లెక్క 637కు చేరింది. అంతకుముందే అన్నీ పూర్తి చేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్ల జాబితా మళ్లీ అసంపూర్తి అయింది. వందల గంటలు పోసిన తరువాత వచ్చే ఆ వెలితి చిన్నదేమీ కాదు. అందుకే మా వాడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఈఏపీసెట్ ఫలితాలు వచ్చి, కాలేజీ తెరిచేదాకానే ఈ జాబితా. ఆ లోపు ఎంత పూర్తయితే అంత. వాడు ఒప్పుకున్నాడు. వాళ్ల అమ్మ ఆ తేదీని క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టింది.

జూన్‌లో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఫోను చేశాడు. "మామయ్యా, తాయెత్తు దొరికింది." నేను ఆ ఆదివారం దాకా ఆగలేక మర్నాడే రైలెక్కాను. వెళ్లేసరికి వాడింకా ఆ 26వ అంతస్తులోనే నిలబడి ఉన్నాడు. తాయెత్తు చేతికి వచ్చాక ఆట అక్కడితో ముగించవచ్చు. లేదా దాన్ని మోసుకుంటూ 26 అంతస్తులు తిరిగి ఎక్కి వెలుగులోకి రావచ్చు. అలా వచ్చినవాడికి వేరే బ్యాడ్జీ ఉంది. కానీ 2022 నుంచి ఆ ఎక్కడం మహా కష్టమైంది. తాయెత్తు శాపం వల్ల దారిలో శత్రువులు ముందుకన్నా బలంగా ఎదురవుతారు. ముగించాలా, ఎక్కాలా అని తేల్చుకోలేక వాడు నా కోసం ఆగాడు.

మా తాతయ్య సైదాపురం దగ్గర అభ్రకం గనిలో పనిచేశాడు. కాకిబంగారం పొరలు ఇంట్లో అద్దాల్లా మెరుస్తూ ఉండేవి. "దిగేటప్పుడు చేతులు ఖాళీ, ఎక్కేటప్పుడే బరువు" అని ఆయన అనేవాడట. అమ్మ చెప్పగా విన్నాను. ఆ మాట వాడికి చెప్పాను, అంతకన్నా సలహా ఇవ్వలేదు. వాడు కాసేపు తన సంచిలో ఏమున్నాయో లెక్క చూసుకున్నాడు. తిండి రెండు పూటలకు, గాయం మాన్పే సీసాలు మూడు. నోటు పుస్తకంలో రాసుకుని, పైకి వెళ్లే మెట్టు మీద వేలు పెట్టాడు.

మేమిద్దరం మధ్యాహ్నం దాకా ఆ ఫోను మీద తలలు వంచి కూర్చున్నాం. నగరాన్ని దాటాడు. గుహల్లో ఒక మలుపు దగ్గర తలుపు లేని చోట ముగ్గురికి చిక్కాడు. 12వ అంతస్తులో చనిపోయాడు. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. వాడు మాత్రం నోటు పుస్తకం తీసి, ఎక్కడ, ఎవరి చేతిలో, సంచిలో ఏమి మిగిలి ఉండగా చనిపోయాడో రాశాడు. గుహల్లో తలుపులు తక్కువ, అక్కడికి వేరే ఉపాయం కావాలి అని కింద గీత గీశాడు. కొత్త ఆట తెరిచాడు. రెండో అంతస్తులో దారికి అడ్డంగా చెక్కలు కనిపించాయి. "ఇక్కడ సీసా ఉంది మామయ్యా" అని, వాడు గది గదీ వెతకడం మొదలుపెట్టాడు.